12 ఏళ్ల పాత 40 అడుగుల ట్రైలర్ కొనొచ్చా? కొంటే ఏం చూడాలి, ఏం చేయించాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీకు సొంత 4×2 హార్స్, అంటే ట్రైలర్‌ని లాగే రెండు ఆక్సిళ్ల బండి, ఉంది. గాజువాకలో 12 ఏళ్ల నాటి మూడు ఆక్సిళ్ల 40 అడుగుల ఫ్లాట్ బెడ్ ట్రైలర్ మూడున్నర లక్షలకి వస్తోంది. వైజాగ్ స్టీల్ ప్లాంటు నుంచి హైదరాబాద్‌కి రాడ్డు తోలాలని మీ ఉద్దేశం. "కొత్త పెయింటు, కొత్త టైర్లు, తగిలించుకుని వెళ్లిపోవడమే" అంటున్నాడు అమ్మేవాడు. కొనొచ్చా, కొంటే రిపేరుకి చేతిలో ఎంత ఉంచుకోవాలి?

కొనొచ్చు. పాత హార్స్ కొనడానికి నేను భయపడతాను కానీ పాత ట్రైలర్‌కి భయపడను. దానికి ఇంజను లేదు, గేరుబాక్సు లేదు, క్రౌన్ లేదు. ఉన్నదల్లా ఇనుప దూలాలు, ఆక్సిళ్లు, బ్రేకులు, చక్రాలు. వీటిలో దూలాలు తప్ప మిగతావన్నీ డబ్బు పెడితే కొత్తవాటికి సమానంగా తయారవుతాయి. అందుకే నేను రెండే షరతులు పెట్టుకుంటాను. ఛాసీ దూలాలు తిన్నగా, కోతలూ అతుకులూ లేకుండా ఉండాలి. ఛాసీ మీద కొట్టిన నంబరు, కాగితం మీది నంబరు ఒక్కటి కావాలి. ఈ రెండిట్లో ఏది తేడా వచ్చినా లక్ష రూపాయలకిచ్చినా వద్దు. రెండూ సరిగ్గా ఉంటే బేరమాడి తీసుకోండి. కొన్న ధరలో కనీసం సగం రిపేరుకని విడిగా పెట్టుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. ఆ సగం లేకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి. రిపేరు చేయించకుండా లోడెక్కించిన పాత ట్రైలర్ మీకే కాదు, దాని వెనకా పక్కనా వచ్చేవాళ్లందరికీ ప్రమాదమే.

ఇక వివరంగా. చాలామంది వెళ్లగానే టైర్లు తన్ని చూస్తారు. నేను ముందు చేయించేది వేరు. ఖాళీ ట్రైలర్‌ని కాటా ఎక్కించండి. హార్స్‌తో కలిపి ఒకసారి, ట్రైలర్ విప్పేసి హార్స్ ఒక్కదాన్నే ఇంకోసారి తూయించి, తేడా తీయండి. ఆ అంకెని ఆర్సీలో రాసిన ఖాళీ బరువుతో పోల్చండి. మన దగ్గర మూడు ఆక్సిళ్ల 40 అడుగుల ఫ్లాట్ బెడ్ మామూలుగా ఏడెనిమిది టన్నులు తూగుతుంది. ఆర్సీలో ఉన్నదానికంటే రెండు మూడు వందల కిలోలు ఎక్కువొస్తే ఫరవాలేదు, ఫ్లోరు షీటు మార్చి ఉంటారు. టన్ను ఎక్కువొచ్చిందంటే మాత్రం ఎక్కడో ప్లేట్ల మీద ప్లేట్లు వేసి వెల్డింగ్ చేశారన్నమాట. ఊరికే ఎవరూ టన్ను ఇనుము అతికించరు. దూలం వంగో, పగిలో ఉండాలి.

ఆ టన్ను మీ జేబులోంచి కూడా పోతుంది. 2018లో కేంద్రం ఆక్సిల్ బరువులు పెంచింది. మీలాంటి 4×2 హార్స్, మూడు ఆక్సిళ్ల ట్రైలర్ కలిపితే లోడుతో సహా అనుమతించే మొత్తం బరువు అంతకుముందు 40.2 టన్నులుండేది, అంటే ముందు ఆక్సిల్‌కి 6, వెనక ఆక్సిల్‌కి 10.2, ట్రైలర్‌కి 24. ఇప్పుడు 7, 11.5, 27 కలిపి 45.5. కానీ రోడ్డు మీద చూసేది మీ ఆర్సీలో ఏ బరువు రాసుందన్నదే. మీ ట్రైలర్ 2018కి ముందుది కాబట్టి అందులో పాత బరువే ఉండొచ్చు. అదే ఉందనుకుందాం. 40.2లోంచి హార్స్‌కి సుమారు 7, ట్రైలర్‌కి 7.5 తీస్తే లోడుకి మిగిలేది 25.7 టన్నులు. ట్రైలర్ ఒక టన్ను ఎక్కువ తూగితే 24.7. కిరాయి టన్ను లెక్కన వస్తుంది కాబట్టి ప్రతి ట్రిప్పులోనూ ఒక టన్ను కిరాయి పోయినట్టే, ట్రైలర్ ఉన్నన్నాళ్లూ. "ఆ టన్ను ఓవర్‌లోడు వేసుకుంటాలే" అనుకోవద్దు. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడు జరిమానా 20,000, ఆపైన అదనపు టన్నుకి 2,000 చొప్పున. పైగా పట్టుకున్న చోటే అదనపు సరుకు దింపించుకోవాలి.

కాటా చీటీ చేతికొచ్చాక అడగాల్సిన ప్రశ్న: ఇన్నాళ్లూ ఏం మోసింది? ఓనర్ని కాదు, దాన్ని నడిపిన డ్రైవర్ని అడగండి. సిమెంటు బస్తాలు, రాడ్డు, కంటైనర్లు మోసిన ట్రైలర్ అంటే నాకు ఇష్టం. బరువు బెడ్డు పొడుగునా పరుచుకుంటుంది. గ్రానైట్ బ్లాకులు మోసిందంటే నేను వెనక్కి వచ్చేస్తాను. చీమకుర్తి వైపు నుంచి పోర్టులకి నడిచే బళ్లు చూసే ఉంటారు. ఒకటో రెండో రాళ్లు, మొత్తం బరువంతా నాలుగైదు అడుగుల మేరలో కూర్చుంటుంది. క్రేనుతో కాస్త గట్టిగా దించినా ఆ దెబ్బంతా దూలం మీదే. అలాంటి ట్రైలర్ పైకి బాగానే కనిపించినా నడుం పడిపోయి ఉంటుంది. ఎరువులు, ఉప్పు మోసినవీ, కాకినాడ, గంగవరం పోర్టు యార్డుల్లో ఏళ్ల తరబడి నిలిచినవీ ఇంకో రకం. వాటికి వంపు రాదు, తుప్పు వస్తుంది. అదీ బయటికి కనిపించే చోట కాదు. కమాన్ (స్ప్రింగు పట్టీల కట్ట) బ్రాకెట్టుకీ దూలానికీ మధ్య, క్రాస్ మెంబర్ (రెండు దూలాలనీ కలిపే అడ్డ ఇనుము) దూలంలో కలిసే మూలల్లో పొరలు పొరలుగా పెరుగుతుంది. చిన్న సుత్తి తీసుకుని దూలం పొడుగునా తట్టుకుంటూ పోండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తిన్నచోట శబ్దం చచ్చుగా వస్తుంది, పెళ్లలు రాలతాయి.

దూలం వంపు చూడ్డానికి దారం చాలు. ట్రైలర్ ఖాళీగా, సమానమైన నేల మీద ఉండాలి. దూలం కింది అంచున, ముందు సన్నటి భాగం దాటి లోతుగా మారిన చోటు నుంచి వెనక కొసకి నైలాన్ దారం బిగుతుగా లాగండి. ఫ్లాట్ బెడ్‌ని తయారు చేసేటప్పుడే మధ్యలో కాస్త పైకి వంపు ఇస్తారు, లోడు పడ్డాక తిన్నగా రావాలని. కాబట్టి ఖాళీ ట్రైలర్ మధ్యలో దూలం దారానికి పైగా ఉండాలి, మహా అయితే దారానికి సమంగా ఉండొచ్చు. ఖాళీగా ఉన్నప్పుడే దారం కంటే కిందికి దిగి కనిపిస్తే ఆ ట్రైలర్ పని అయిపోయింది. రెండు దూలాలకీ విడివిడిగా చూడండి. ఒకటి దిగి ఒకటి దిగకపోతే మెలి పడిందని అర్థం. అది మరీ ప్రమాదం, మలుపుల్లో పడిపోయేవి ఇవే.

తర్వాత పగుళ్లు. గూస్‌నెక్ అంటామే, ముందు సన్నగా ఉన్న దూలం వెనక లోతుగా మారే ఆ మెడ దగ్గర, హార్స్ విప్పినప్పుడు ట్రైలర్‌ని నిలబెట్టే ల్యాండింగ్ లెగ్గుల బ్రాకెట్ల చుట్టూ, కమాన్ బ్రాకెట్లు దూలానికి అతికిన చోట్ల వెతకండి. కొత్త పెయింటు వేసి ఉంటే సంతోషించకండి, అనుమానించండి. పగులుంటే పెయింటులోంచి కూడా సన్నటి ఎర్ర గీత తుప్పు కారుతుంది. వానాకాలం అయితే వారంలోనే బయటపడుతుంది. మా ఆటోనగర్‌లోనే ఒక మిత్రుడితో ఇలాంటి "కొత్త పెయింటు" ట్రైలర్ చూడ్డానికి వెళ్లాను. మెడ దగ్గర చేత్తో తడిమితే నున్నగా తగిలింది. దూలం మీద మిగతా చోట్ల రోలింగ్ గరుకు తెలుస్తోంది, ఆ జానెడు మేర మాత్రం గోడకి లప్పం పెట్టినట్టు నున్నగా ఉంది. చాకు మొనతో గీరితే పెయింటు కింద పుట్టీ, పుట్టీ కింద కింది ఫ్లాంజ్‌కి (దూలం అడుగు పట్టీకి) అడ్డంగా వెల్డింగ్ గీత. అవతలి దూలానికీ అదే చోట అదే గీత. ట్రైలర్ ఒకసారి మెడ దగ్గర విరిగింది, ఎవరో అతికించారు. అమ్మేవాడు అప్పటికప్పుడు లక్ష తగ్గిస్తానన్నాడు. మేం వచ్చేశాం. కింది ఫ్లాంజ్‌కి అడ్డంగా పడ్డ వెల్డింగ్ మళ్లీ అక్కడే తెగుతుంది. ఖాళీ రోడ్డు మీద తెగితే అదృష్టం, ఫ్లైఓవర్ మీద తెగితే పక్క బండివాడి ప్రాణం.

ట్రైలర్ ముందు భాగం అడుగున ఉండే కింగ్ పిన్ దగ్గర రాజీ పడకండి. మొత్తం ట్రైలర్‌ని హార్స్‌కి పట్టి ఉంచేది అదొక్కటే. మన బళ్లలో ఎక్కువగా వాడేది రెండు అంగుళాలది. కొత్తగా ఉన్నప్పుడు మెడ భాగం 50.8 మిల్లీమీటర్లు, 49కి అరిగితే మార్చేయాలి. మెడకి పైన, ప్లేటు వైపు భాగం 73, అది 71కి వస్తే మార్చేయాలి. వెర్నియర్ పట్టుకుని రెండు దిక్కుల్లో కొలవండి, ఎందుకంటే అరుగుదల గుండ్రంగా ఉండదు, ముందు వెనకల ఎక్కువ ఉంటుంది. గ్రీజు పూర్తిగా తుడిచాకే కొలవాలి. కొన్ని షెడ్లలో అరిగిన పిన్నుకి వెల్డింగ్ నింపి లేత్ పట్టించి ఇస్తారు. అలా చేసిన పిన్ను వద్దే వద్దు. అది వేడి చేసి గట్టిపరిచిన అల్లాయ్ స్టీలు, వెల్డింగ్ వేడికి దాని గట్టిదనం పోతుంది. కొత్త పిన్ను ధర పెద్దది కాదు, మంచి కంపెనీది కొని వేయించండి. పిన్ను చుట్టూ ఉన్న ప్లేటు మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూడండి, మధ్యలో గుంట పడిందా అని. ప్లేటుకీ దూలానికీ మధ్య వెల్డింగ్ గీత మొత్తం లైటు వేసి చూడండి.

ఆక్సిళ్లు ఏ కంపెనీవో ప్లేటు మీద ఉంటుంది. యార్క్, ఫువా, బీపీడబ్ల్యూ లాంటివైతే బ్రేకు లైనర్లు, సీళ్లు, బేరింగులు ఏ ఆటోనగర్‌లోనైనా దొరుకుతాయి. పేరూ ఊరూ లేని ఆక్సిల్ అయితే రేపు హబ్ కోసం ఊళ్లు తిరగాలి, ఆ మేరకి ధర తగ్గించండి.

ఆక్సిల్ వరస తప్పిందో లేదో టేపుతో మీరే చూసుకోవచ్చు. మేస్త్రీలు వాడే గుండు దారం కింగ్ పిన్ మధ్య నుంచి నేలకి వదిలి అక్కడ సున్నంతో గుర్తు పెట్టండి. మొదటి ఆక్సిల్ రెండు కొసల మధ్యలకీ అలాగే గుర్తులు పెట్టండి. పిన్ను గుర్తు నుంచి ఎడమ కొసకీ, కుడి కొసకీ స్టీలు టేపుతో కొలవండి. రెండిటికీ తేడా 3 మిల్లీమీటర్లు మించకూడదు. తర్వాత మొదటి ఆక్సిల్ నుంచి రెండోదానికీ, రెండో దాని నుంచి మూడోదానికీ రెండు పక్కలా కొలిస్తే తేడా ఒకటిన్నర మిల్లీమీటరు లోపు ఉండాలి. తేడా ఎక్కువున్నంత మాత్రాన కొనడం మానక్కర్లేదు. ఎక్కువసార్లు ఆక్సిల్‌ని వరసలో పట్టి ఉంచే టార్క్ రాడ్ బుష్షులు అరిగిపోయి ఉంటాయి. బుష్షులు మార్చి, అడ్జస్ట్ అయ్యే రాడ్డుతో సరిచేస్తే కుదురుతుంది. కానీ బ్రాకెట్టే జరిగిందా, ఆక్సిల్ ట్యూబే వంగిందా అని చూడాలి. వంగిన ఆక్సిల్‌ని గ్యాసుతో కాల్చి తిన్నగా చేస్తామనే వాళ్లకి దండం పెట్టి రండి.

ఇక్కడే టైర్ల మాట. అమ్మే ముందు టైర్లు మార్చేస్తారు, పాత టైర్ల మీది అరుగుదల ట్రైలర్ జబ్బులన్నీ చెప్పేస్తుందని వాళ్లకి తెలుసు. కాబట్టి స్టెప్నీ చూడండి. దాన్ని చాలామంది మార్చరు. ఒక అంచే అరిగి ఉంటే ఆక్సిల్ వరస తప్పింది. అక్కడక్కడ గుంటలు పడి ఉంటే బేరింగులు వదులో, కమాన్లు చచ్చుబడ్డాయో. మీరు చూసిన ట్రైలర్ మీది "కొత్త" టైర్ల గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం చేసిందని. పాతకాలపు కేసింగ్ (టైరు గూడు) మీద కొత్త బటన్ (రీట్రెడ్ రబ్బరు) వేసి కొత్త టైరని చెబుతున్నారేమో ఆ తేదీతో తేలిపోతుంది. ట్రైలర్ ఆక్సిళ్లకి బటన్ టైర్లు వాడటం తప్పేమీ కాదు, నేనూ వాడతాను, కేసింగ్ బాగుండాలంతే. కానీ ధర కట్టేటప్పుడు బటన్ ధరే కట్టండి. కొత్త రేడియల్ ఒక్కోటి ఇరవై వేలు దాటిపోయింది. 12 టైర్లంటే రెండు లక్షల నలభై వేల పైమాట. ట్రైలర్ ధరలో అసలు తేడా అక్కడే వస్తుంది.

బ్రేకులు చూసే పద్ధతి. హార్స్ తగిలించి గాలి నిండా ఎక్కించండి. ఇంజను ఆపి, మీరు బ్రేకు తొక్కి పట్టుకుని, ఇంకొకర్ని కింద ఉండి వినమనండి. గాలి కారే చోటు చెవికే తెలుస్తుంది, సబ్బు నీళ్లతో ఖాయం చేసుకోండి. తర్వాత హార్స్ నుంచి ట్రైలర్‌కి గాలి ఇచ్చే ఎర్ర పైపు విప్పేయండి. ఆ క్షణంలోనే ట్రైలర్ బ్రేకులు వాటంతటవే పట్టేయాలి. పట్టకపోతే ట్రైలర్ రోడ్డు మీద విడిపోయినప్పుడు ఆగదు. చాలా పాత ట్రైలర్లలో ఇది పనిచేయదు, "రిలే వాల్వ్ జామైంది, బైపాస్ చేశాం" అని మామూలుగా చెప్పేస్తారు. కొన్నాక మొదటి రోజే కొత్త వాల్వ్ వేయించండి. ఇంకొక మాట, మీరే విప్పుదామనుకుంటారేమోనని చెబుతున్నా: స్ప్రింగ్ ఉన్న బ్రేక్ చాంబర్‌ని లోపలి స్ప్రింగ్‌ని బోల్టుతో బిగించకుండా విప్పొద్దు. అది ఎగిరితే మనిషి మిగలడు. పాతబడ్డ చాంబర్‌ని రిపేరు చేయించడం కంటే కొత్తది వేసుకోవడమే మేలు.

ఇప్పుడు కాగితాలు. ఛాసీ నంబరు సాధారణంగా ముందు కుడి పక్క దూలం మీద కొట్టి ఉంటుంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఒక్కో అంకె చదివి, పెన్సిల్‌తో రుద్ది కాగితం మీద అచ్చు తీసుకోండి. అంకెల చుట్టూ గ్రైండింగ్ మెరుపు కనిపిస్తే అక్కడితో ఆపేయండి. ట్రైలర్‌కి విడిగా ఆర్సీ ఉందా, వేరే హార్స్ ఆర్సీలో దీన్ని రాయించారా అన్నది చాలా ముఖ్యం. రెండోదైతే అక్కణ్ణుంచి తీయించి మీ హార్స్‌కి రాయించుకోవాలి. అది ఎలా అవుతుందో డబ్బు ఇవ్వకముందే మీ ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి, ఏజెంటు మాట మీద వెళ్లొద్దు. పాత ఓనర్ సంతకాలతో ఫారం 29, 30, ఫైనాన్సు తీరిపోయిందని ఫారం 35తో పాటు ఫైనాన్సు కంపెనీ లెటరు, బయటి రిజిస్ట్రేషన్ అయితే ఫారం 28 ఎన్ఓసీ ఉండాలి. క్వార్టర్ టాక్సు, ఈ-చలాన్లు పరివాహన్ సైట్లో చూసుకోండి. ఫైనాన్సు వాళ్ల యార్డు వేలంలో కొంటుంటే ఇంకా జాగ్రత్త, పాత బకాయిలు కొన్నవాడి నెత్తినే పడతాయి.

మీరు తెలంగాణకి తోలాలంటున్నారు. మల్టీ ఆక్సిల్ బండికి నేషనల్ పర్మిట్ 15 ఏళ్ల వరకే. మీ హార్స్ వయసెంతో రాయలేదు, అదీ చూసుకోండి. మీకు ఎన్నేళ్ల పని మిగిలిందో తేల్చేది ఇదే. 8 ఏళ్లు దాటినవాటికి ఫిట్‌నెస్ ఏటేటా, వయసు పెరిగేకొద్దీ ఫీజూ పెరుగుతుంది.

రిపేరు ఏ వరసలో. కొన్న వెంటనే అన్ని చక్రాలూ విప్పించండి. ఒకటి రెండు విప్పి బాగున్నాయిలే అనుకోవద్దు. హబ్‌లు కడిగించి, బేరింగులు వెలుగులో తిప్పి చూసి, నీలం మచ్చలో గుంటలో ఉన్నవి హబ్‌లోని కప్పుతో సహా మార్చండి. సీళ్లు అన్నీ కొత్తవి. డ్రమ్ములు అరిగి అంచు కట్టినవి, వేడికి సన్నటి పగుళ్లు పడ్డవి పక్కన పెట్టండి. లైనర్లు ఒక ఆక్సిల్‌కి రెండు పక్కలా ఒకే కంపెనీవి, ఒకేసారి. స్లాక్ అడ్జస్టర్లు (బ్రేకు సందు సరిచేసేవి), క్యామ్ షాఫ్టు బుష్షులు ఆటాడుతుంటే అప్పుడే మార్పించండి, మళ్లీ విప్పేటప్పుడు కూలీ రెండింతలవుతుంది. కమాన్ కట్టలో ఒక పట్టీ విరిగితే ఆ ఒక్కటే వేసి ఊరుకోకండి. చచ్చుబడ్డ పట్టీల మధ్య కొత్త పట్టీ బరువంతా తనమీద వేసుకుని త్వరగా విరుగుతుంది. కట్ట విప్పిన ప్రతిసారీ యూ బోల్టులు కొత్తవి వేయాలి. పాత యూ బోల్టు ఒకసారి సాగింది, మళ్లీ అంత బిగువు పట్టదు.

డిస్కు (చక్రం రిమ్ము) హబ్‌కి ఆనుకునే చోట పెయింటు ఉండకూడదు. చాలామంది అందం కోసం డిస్కు మొత్తం వేసేస్తారు. లోడు పడి పెయింటు నలిగిపోయాక వీల్ నట్లు వదులవుతాయి. చక్రాలు బిగించాక వంద కిలోమీటర్ల లోపు ఆగి మళ్లీ నట్లు బిగించాలి. యూ బోల్టులు మొదటి లోడు ట్రిప్పు అయ్యాక మళ్లీ బిగించాలి. మొదటి ట్రిప్పులో ముప్పై కిలోమీటర్లు నడిపి ఆపి, ప్రతి హబ్ మీదా అరచెయ్యి వెనక వైపు దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మాత్రమే మిగతావాటికంటే బాగా వేడెక్కితే ఆ బేరింగు బిగువైంది, లేదా బ్రేకు విడవట్లేదు.

వెల్డింగ్ అవసరమైతే (మామూలుగా క్రాస్ మెంబర్లకీ ఫ్లోరుకీ అవసరమవుతుంది) మంచి వెల్డర్ని పట్టుకోండి. పగులు చివర కంటికి కనిపించే చోటికి కొంచెం అవతల 8 మిల్లీమీటర్ల రంధ్రం వేయించాలి, లేకపోతే వెల్డింగ్ కింద నుంచే పగులు పాకుతుంది. తర్వాత గ్రైండర్‌తో వీ ఆకారంలో లోతుగా తవ్వి, 7018 వెల్డింగ్ రాడ్డుతో నింపాలి. ఆ రాడ్డు తేమ పడితే పనికిరాదు, ఓవెన్‌లో ఆరబెట్టిందే వాడమనండి. పైన వేసే ప్లేటు కొసలు నిలువుగా కోయకుండా ఏటవాలుగా కోయించండి. నిలువు కొస దగ్గర బరువంతా ఒకే గీత మీద పడి దూలం అక్కడ తెగుతుంది. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటి పక్కనే తగిలించాలి. ఎక్కడో చక్రం దగ్గర తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని గుంటలు చేస్తుంది. కొత్త బేరింగులు నెలకే మోగడం మొదలెడితే కారణం చాలాసార్లు ఇదే.

రాడ్డు తోలుతున్నారు కాబట్టి రెండు విషయాలు. రాడ్డు 12 మీటర్లు, మీ 40 అడుగుల బెడ్డు సుమారు 12.19 మీటర్లు, సరిగ్గా సరిపోతుంది. ఒక్క అడుగు కూడా వెనక్కి పొడుచుకు రాకూడదు. అది చట్టం కూడా, కానీ చట్టం కోసం కాదు నేను చెప్పేది. చీకట్లో వెనక నుంచి వచ్చేవాడికి ఆ రాడ్ల కొసలు కనిపించవు. రెండోది ముందు హెడ్‌బోర్డు. గట్టిగా బ్రేకు కొడితే పాతిక టన్నుల రాడ్డు ముందుకి జారుతుంది, దానికీ డ్రైవర్ సీటుకీ మధ్య అడ్డం ఈ ఒక్క గోడే. పాత ట్రైలర్లలో ఇది పేరుకే ఉంటుంది, అడుగున తుప్పు తినేసి. దాని కాళ్లు దూలానికి పట్టిన చోట చూసి, అనుమానం ఉంటే కొత్తది కట్టించండి. గొలుసులు, టెన్షనర్లు మీవి మీరు కొనుక్కోండి. అమ్మేవాడు ఇచ్చినవి ఎంత సాగినవో మనకి తెలియదు.

వెనక అండర్‌రన్ గార్డు (వెనక వచ్చే బండి ట్రైలర్ కిందికి దూరకుండా ఆపే అడ్డు) నేల నుంచి 550 మిల్లీమీటర్లకి మించి ఎత్తులో ఉండకూడదు, దూలానికి గట్టిగా బోల్టులతో పట్టి ఉండాలి. వెనక ఎర్ర, పక్కల పసుపు రిఫ్లెక్టివ్ టేపు మంచి కంపెనీది, చిరిగినప్పుడల్లా మార్చండి. వైరింగ్ మొత్తం పీకించి కొత్తది పైపులో వేయించండి. పాత వైరు అతికించుకుంటూ పోతే రాత్రి తుని దాటాక టెయిల్ లైటు ఆరిపోయిన సంగతి మీకు తెలియను కూడా తెలియదు. ఈ మొత్తం పనికయ్యే ఖర్చు ఒక కొత్త టైరు ధర కంటే పెద్దగా ఎక్కువ కాదు.

పెయింటు అన్నిటికంటే చివర. నేనైతే రెడ్ ఆక్సైడ్ ఒక్క కోటు వేయించి రెండు మూడు నెలలు తోలతాను. లోడు పడ్డాక ఏదైనా పగులు తెరుచుకుంటే రెడ్ ఆక్సైడ్ మీద ఇట్టే కనిపిస్తుంది. అప్పటికి ట్రైలర్ సంగతి తెలిసిపోతుంది, తర్వాత మీకు నచ్చిన రంగు వేసుకోండి.

ఇక మూడున్నర లక్షల మాట. ఏ పాత ట్రైలర్‌కైనా కనీస ధర దాని ఇనుము ధర. ఏడున్నర టన్నులు, మీ దగ్గర తుక్కు కిలో 30 రూపాయలనుకుంటే రెండు లక్షల ఇరవై ఐదు వేలు. టైర్లు నిజంగా కొత్తవైతే, దారం పరీక్షలో దూలాలు నిలిస్తే, కాగితాలు శుభ్రంగా ఉంటే మూడున్నర మంచి ధరే, చెప్పిన ధరకే తీసుకున్నా నష్టం లేదు. బటన్ టైర్లయి, బ్రేకు వాల్వులు బైపాస్ అయి, బుష్షులన్నీ పోయి ఉంటే రెండున్నర దాటకండి. అప్పుడు మీరు కొనేది ఇనుమూ, మంచి దూలాలూ మాత్రమే. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, కొత్త పెయింటు వేసి అమ్ముతున్నాడంటే అమ్మేవాడికి తొందరుంది. రెండు వారాలు ఆగితే ధర దిగుతుందని నాకనిపిస్తోంది.

ఇన్సూరెన్సు గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. హార్స్ పాలసీ ఉంది కదా అని ట్రైలర్ దానంతటదే అందులోకి వచ్చేయదు. పాలసీలో ట్రైలర్‌ని దాని నంబరుతో విడిగా రాయించి, దానికి ప్రీమియం కట్టి, ఆ ఎండార్స్‌మెంటు కాగితం చేతికొచ్చాకే మొదటి లోడు ఎక్కించండి. కాటా చీటీ, దారం పరీక్ష ఫోటో, కింగ్ పిన్ కొలతలు ఇక్కడే పెడితే, ఆ మూడూ చూసి కొనాలో వద్దో ఒక్క మాటలో చెబుతాను.